ఉచ్చులో పుట్టిన పాట

ఒక పాటను అర్థం చేసుకొనదలచినవారు ముందుగా అది పుట్టిన వీధిని చూడవలెను. ఈనాడు దేశదేశాల యువజనులు వినుచున్న ‘లాటిన్ ట్రాప్’ అనే స్పానిష్ గానశైలికి ఈ మాట మరింతగా వర్తించును. తుపాకులు, బంగారు గొలుసులు, ఖరీదైన కార్లు ఆ పాటలలో మాటిమాటికి వినవచ్చును. ఇదంతా వట్టి డాంబికమని శ్రోతలకు తోచుట సహజమే. కాని దాని వెనుక ఒక చిన్న ద్వీపపు చరిత్ర ఉన్నది.

ట్రాప్ అనగా ఉచ్చు. అమెరికా దక్షిణ ప్రాంతంలో, ముఖ్యంగా అట్లాంటా నగరంలో, మత్తుపదార్థాలు అమ్మే ఇంటికి వాడుకలో ఆ పేరు ఏర్పడినది. ఆ ఇండ్ల చుట్టూ తిరిగే బ్రతుకును పలికిన పాటలకు కూడ అదే పేరు నిలిచినది. 2003లో టి.ఐ. అనే గాయకుడు వెలువరించిన ‘ట్రాప్ మ్యూజిక్’ దానిని ప్రసిద్ధం చేసినది.

స్పానిష్ భాషలో ఈ శైలి వేళ్లూనినది కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికోలో. 1898లో ఈ ద్వీపం స్పెయిన్ నుండి అమెరికా వశమైనది. 1917 నుండి అక్కడివారు అమెరికా పౌరులే. అయినను ద్వీపంలో నివసించువారికి అధ్యక్షుని ఎన్నుకొను హక్కు లేదు. పేదలకై ప్రభుత్వం కట్టించిన గృహసముదాయాలను అక్కడ ‘కసెరియో’లందురు. 1993లో గవర్నరు పెద్రో రొసెయో నేరాల నణచుటకై ‘మానో దూరా’, అనగా ‘కఠినహస్తం’, అనే విధానం చేపట్టి, ఈ సముదాయాలలోనికి పోలీసులతోపాటు నేషనల్ గార్డు సైనికులను పంపినాడు. 1995లో పోలీసులు శాన్ హువాన్ నగరపు దుకాణాలపై పడి, ఆ వీధుల కుర్రవాండ్రు పాడిన ర్యాప్ కేసెట్లను జప్తు చేసినారు. కేసెట్లు పోయినవి గాని పాట పోలేదు. అదియే రెగెటోన్‌గా పెరిగి, 2004లో డాడీ యాంకీ పాడిన ‘గసోలీనా’తో లోకమంతటా మ్రోగినది.

అటుపిమ్మట ద్వీపానికి గడ్డుకాలం వచ్చినది. పరిశ్రమలకిచ్చిన పన్ను రాయితీ 2006తో ముగిసినది, కర్మాగారాలు తగ్గినవి. 2017లో ప్రభుత్వం 7,000 కోట్ల డాలర్లకు మించిన ఋణం తీర్చలేక న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. ఆ సెప్టెంబరులోనే మరియా తుపాను ద్వీపాన్ని చీకటిలో ముంచినది. లాటిన్ ట్రాప్ తలయెత్తినది ఈ దినాలలోనే. 2016లో నలుగురు గాయకులు కలిసి పాడిన ‘లా ఒకాసియోన్’ దానికి బాట వేసినది. సరకుల దుకాణంలో కొన్నవారి సంచులు నింపుచుండిన ఒక యువకుడు తన పాటలను ఇంటర్నెట్‌లో పెట్టి ‘బ్యాడ్ బన్నీ’గా పేరొందినాడు.

కనుక ఆ పాటలలోని బంగారం లేమికి చెప్పిన లెక్క. త్వరగా ధనమిచ్చే దారియే త్వరగా ప్రాణం తీసే దారి కూడ అయినచోట, ఐశ్వర్యమూ అపాయమూ ఒకే చరణంలో ఇముడును. అనుయెల్ అనే గాయకుడు 2016లో అక్రమాయుధాల నేరంపై పట్టుబడి, చెరలో ఉండగనే ఖ్యాతి నార్జించి, 2018 జూలైలో విడుదలైన నాడే తన తొలి ఆల్బమును వెలువరించినాడు. తన స్వలింగప్రేమను దాచక ట్రాప్ పాడిన కెవిన్ ఫ్రెట్‌ను 2019 జనవరిలో శాన్ హువాన్‌లో కాల్చి చంపినారు.

ఈ పాటలలో స్త్రీలను చులకన చేయు మాటలున్నవి. తుపాకికి పట్టిన హారతులున్నవి. వానిని సమర్థింప పనిలేదు. అయినను నోరు మూయించినంతనే వీధి మారదని చరిత్ర చెప్పుచున్నది. 2019 జూలైలో గవర్నరు సందేశాలు కొన్ని బయటపడగా జనం శాన్ హువాన్ వీధులలో వెల్లువెత్తినారు. వారి నడుమ బ్యాడ్ బన్నీ కూడ నిలిచినాడు. పదవి విడువక తప్పని ఆ గవర్నరు రికార్డో రొసెయో. నాడు కఠినహస్తం చూపిన పెద్రో రొసెయో కుమారుడు.