లోకల్ : మాట ఒకటి, అర్థాలు పలు

చదువుకో కూలికో బెంగళూరుకు వెళ్లే సరిహద్దు పల్లెల వారికి తరచుగా ఎదురయ్యే ఇంగ్లిషు విశేషణం ‘లోకల్’. అంగడిలో దానికి ఒక అర్థం, ఆసుపత్రిలో ఒక అర్థం, కాలేజీ దరఖాస్తులో మరొక అర్థం. ఈ చివరిదానిని సరిగా గ్రహించకపోతే పిల్లల సీటుకే ముప్పు.

పుట్టుక: లాటిన్ భాషలో ‘లోకస్’ అంటే చోటు. దాని నుండి ‘లోకాలిస్’ ఏర్పడి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులో ‘లోకల్’ అయింది. లొకేషన్, లోకోమోటివ్ ఈ కుదురుకు చెందినవే. చోటు నుండి కదిలేది కనుక రైలింజను లోకోమోటివ్. వినడానికి దగ్గరగా ఉన్నా మన ‘లోకం’తో దీనికి చుట్టరికం లేదు. పాత లాటిన్‌లో ఈ మాట రూపం ‘స్త్లోకస్’.

సమానార్థకాలు: తెలుగులో స్థానిక, కన్నడంలో స్థళీయ. కన్నడంలో ‘స్థళ’ అంటే ఏ చోటైనా కావచ్చు. తెలుగువారికి ‘స్థలం’ అనగానే ఇల్లు కట్టుకునే జాగా కూడా స్ఫురిస్తుంది. రెండు భాషలకూ ఉమ్మడి మాట ‘ఊరు’.

వాడుక: లోకల్ రైలు దగ్గరి ఊళ్ల మధ్య తిరిగేది. లోకల్ అనస్తీషియా అంటే కోత పడే భాగానికి మాత్రమే ఇచ్చే మత్తు. రోగికి స్పృహ పోదు. పంచాయతీలు, మునిసిపాలిటీలు స్థానిక సంస్థలు. అంగడిలో ‘లోకల్ సరుకు’ అంటే పేరున్న కంపెనీది కాదని, ఒక్కోసారి నాసిరకమని భావం. ఇంగ్లండులో ఇదే మాట నామవాచకమై ఇంటి దగ్గరి మద్యశాలను సూచిస్తుంది. 2017లో వచ్చిన ‘నేను లోకల్’ సినిమా పేరులో ఇది ఊరివాడి ధీమాను పలికిస్తుంది.

చట్టంలో: ఇక్కడ ‘లోకల్’ పుట్టిన ఊరిని బట్టి గాని, మాట్లాడే భాషను బట్టి గాని తేలదు. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష రాసే సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారే ప్రధానంగా స్థానికులు. రాయలసీమకూ నెల్లూరుకూ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం వర్తిస్తుంది.

హిందూపురం పిల్లవాడు పదో తరగతి దాకా సొంత ఊరిలో చదివి, రెండేళ్ల పీయూసీకి బెంగళూరు వెళ్లాడనుకుందాం. నాలుగేళ్ల వరుస తెగింది; ఆంధ్రలో నాన్‌లోకల్ అయ్యాడు. తల్లిదండ్రులలో ఒకరైనా పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే మిగిలిన 15 శాతం సీట్లకు పోటీ పడవచ్చు. కర్ణాటక సీఈటీలో ప్రభుత్వ సీటుకు సాధారణ నిబంధన ఆ రాష్ట్రంలో ఏడేళ్ల చదువు. మినహాయింపులు ఉన్నా, రెండేళ్ల చదువు ఒక్కటే చాలదు. అటు ఇటు కాకుండా పోయే ప్రమాదం ఇదే.

ఉద్యోగాలలో: 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించిన బిల్లు ప్రైవేటు సంస్థలలో యాజమాన్య స్థాయి కొలువులలో 50 శాతం, ఇతర కొలువులలో 70 శాతం స్థానికులకు ఉద్దేశించింది. కర్ణాటకలో పుట్టి, 15 ఏళ్లుగా నివసిస్తూ, కన్నడం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చినవారే అందులో స్థానికులు. పరిశ్రమల నుండి నిరసన రావడంతో బిల్లును ఆ నెలలోనే నిలిపివేశారు.

కనుక పిల్లలను సరిహద్దు దాటించే ముందు ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ‘లోకల్’ నిర్వచనాన్ని చదవడం అవసరం. ఆరో తరగతి నుండి ఇంటర్ వరకు ప్రతి బడి నుండీ స్టడీ సర్టిఫికెట్ తీసుకుని భద్రపరచుకోవాలి. దరఖాస్తు వేళ స్థానికతకు మొదట అడిగే రుజువు అదే.