ఒక కారు తలుపు మరొక కారుకు పట్టునా?

పాత చిన్నకారు గలవారికి తలుపు సొట్టపడినచో క్రొత్త తలుపు దొరకదు. ఆ రకము కార్ల తయారీ ఏనాడో ఆగిపోయి యుండును. విజయవాడ ఆటోనగరులోనో, చెన్నై పుదుపేటలోనో, తుక్కుకు విప్పిన కార్లలో వెదకవలెను. తీరా అదే పేరుగల కారు తలుపును తెచ్చి బిగించినచో, ఒక మూల పైకి తేలి, మరొక మూల లోనికి పోవును. అదే కారు చక్రపు బేరింగు అయినచో తెచ్చి పెట్టినంతనే సరిపోవును. ఈ భేదమునకు కారణము చరిత్రలో ఉన్నది.

ఒక యంత్రపు భాగము అటువంటి మరొక యంత్రమునకు పట్టవలెనను ఊహ తుపాకులతో మొదలైనది. 1785లో పారిస్‌లో ఆనొరె బ్లాన్ అను పనివాడు 50 తుపాకుల పేల్చు యంత్రాంగములను విప్పి, ముక్కలను అరలలో పేర్చి, ఆనాటి అమెరికా రాయబారి జెఫర్సన్ ముందుంచెను. జెఫర్సన్ చేతికందిన ముక్కలను తీసి తానే కూర్చగా అవి అతికినవి. 1801లో అమెరికాలో ఎలీ విట్నీ ఇట్టి ప్రదర్శననే చేసి గొప్ప పేరు పొందెను. కాని అతని తుపాకులను తరువాత పరీక్షింపగా భాగములు ఒకదానివి మరొకదానికి పట్టలేదు! నేటికీ కొన్ని పాఠ్యపుస్తకములు ఈ కీర్తిని విట్నీకే ఇచ్చుచున్నవి. ఉపాధ్యాయులు దీనిని సవరించి చెప్పుట మంచిది. ఈ పనిని నిజముగా సాధించినవారిలో ముఖ్యుడు 1820లలో హార్పర్స్ ఫెరీ ఆయుధాగారమున పనిచేసిన జాన్ హాల్.

ఆయుధాగారములలో ఈ విద్య నేర్చిన హెన్రీ లీలండ్ దానిని కార్లకు తెచ్చెను. అతడు నడిపిన కాడిలాక్ సంస్థ చిన్నకార్లు మూడింటిని 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటకు తెచ్చిరి. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పర్యవేక్షణలో వానిని పూర్తిగా విప్పిరి. ఒక్కొక్క కారులో 721 భాగములు. అన్నిటిని ఒక్క కుప్పగా కలిపి, అందుండి 89 భాగములను తొలగించి, వాని స్థానమున అంగడిలోని క్రొత్తవానిని చేర్చిరి. పిమ్మట స్పానర్లు, స్క్రూడ్రైవర్లు మాత్రమే ఇచ్చి మరల కూర్చుమనిరి. ఆకురాయి ముట్టరాదు. కూర్చిన కార్లు ఒక్కొక్కటి 500 మైళ్లు పరుగెత్తినవి. ఒకదాని మడ్గార్డు మరొకదానికి చేరుటచే రంగులు కలగలిసి, కార్లు పగటివేషగాండ్రవలె కనబడెనట! సంస్థకు డ్యూయర్ ట్రోఫీ దక్కెను.

అయితే ఒక సంగతి గమనింపవలెను. ఆ కార్లకు ప్రక్క తలుపులే లేవు.

తలుపుల చిక్కు తరువాత వచ్చినది. తొలినాటి కార్ల ఒడళ్లు కొయ్య చట్రముపై చేతితో కొట్టి అమర్చిన రేకులు. ఏ తలుపు ఆ కారుకే. ఎడ్వర్డ్ బడ్ వంటివారు ఉక్కు రేకును అచ్చుల నడుమ నొక్కి ఒడలు చేయు పద్ధతిని వృద్ధిచేసిరి. 1914లో డాడ్జి సోదరులు అట్టి ఒడళ్లనే ఎన్నుకొనిరి. కాని రేకు ఇనుప కడ్డీ వంటిది కాదు. వంచి విడిచిన వెదురుబద్ద వలె అచ్చునుండి బయటపడగానే కొంత వెనుకకు సాగును. అచ్చులు అరుగును. వెల్డింగు వేడికి రేకులు వంగును. పూర్వము అతుకులను సీసము, తగరము కలిపిన లోహముతో పూడ్చి ఆకురాయితో అరగదీసెడివారు. ఆ పనివాని చేతివాటమంతయు తలుపు సందులో నిలిచిపోయెడిది. బేరింగు కొలతను అంగుళములో వేయవ వంతుకంటెను సూక్ష్మముగా సరిచూతురు. తలుపు సందునకు అంతటి నియమము లేదు.

పేరు కూడ మోసగించును. 1953లో ఇటలీలో వెలువడిన ఫియట్ 1100 కారు ముందు తలుపులు వెనుక అంచున కీళ్లు కలిగి యుండెను. 1960లలో వచ్చిన 1100 డి రకమునకు కీళ్లు ముందు అంచునకు మారినవి. రెండును 1100లే, అయినను ఒకదాని తలుపు మరొకదానికి పనికిరాదు. ఆ రెండవ రకమే బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారమున తయారై, 1970లలో పద్మిని అను పేరు పొందినది. తయారీ ఆగిన తరువాత కూడ బొంబాయి టాక్సీలుగా ఆ కార్లు 2023 అక్టోబరు వరకు తిరిగినవి. తుక్కుకు పోయిన పద్మినుల భాగములు తిరిగెడి పద్మినులకు అక్కరకు వచ్చినవి. అట్టి తలుపును అమర్చు టింకరింగు పనివాడు మొదట రేకును చూడడు; కీళ్ల మరలను వదులుచేసి, తలుపును మూసి తెరచి, చుట్టునున్న సందును వ్రేలితో తడిమి చూచును.