గొల్లభామ ఓడనెక్కిన కథ

తోటలకు శత్రువులైన పురుగులను పురుగులచేతనే అణపవచ్చునను ఆలోచన మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ.శ. 304 నాటిదిగా చెప్పబడుచున్న జీ హాన్ అను చైనా పండితుని వృక్షగ్రంథమునందు, నారింజచెట్ల రక్షణకై చీమలను గూళ్లతోసహా సంచులలో పెట్టి అంగళ్లలో అమ్ముచుండిరని యున్నది. కాని ముందుకాళ్లు మడిచి ఎదకు చేర్చుకొని, జపము చేయుచున్నట్లు కొమ్మపై కదలక నిలుచు గొల్లభామకు, తోటమాలి మిత్రమను ఖ్యాతి ముఖ్యముగ అమెరికాలో, అదియును ఎవ్వరును తలపెట్టకయే లభించినది.

1896లో ఫిలడెల్ఫియా సమీపమందలి ఒక నర్సరీలో చైనాజాతి గొల్లభామ కంటబడెను. 1899లో న్యూయార్కు రాష్ట్రమందలి రోచెస్టరు పరిసరములలో ఐరోపాజాతి కానవచ్చెను. రోచెస్టరు ఆనాడు నర్సరీ వర్తకమునకు పేరుపడిన పట్టణము. దేశాంతరములనుండి ఓడలలో దిగుచుండిన మొక్కల కొమ్మలకంటుకొని ఈ కీటకముల గుడ్లగూళ్లు వచ్చియుండునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. 1912లో మొక్కల దిగుమతిని నియంత్రించు చట్టము పుట్టువరకు ఆ ద్వారము తెఱచియేయుండెను. చెస్ట్‌నట్ వృక్షములను అడవులకు అడవులుగ రూపుమాపిన తెగులును ఆ త్రోవనే ప్రవేశించినది.

గొల్లభామ గుడ్లగూటి నిర్మాణము చూడదగినది. శరత్కాలమున ఆడుది తలక్రిందుగ కొమ్మను పట్టుకొని, ఉదరాగ్రమునుండి నురుగు వెడలించుచు, ఆ నురుగులోనే గుడ్లను వరుసలుగ పేర్చుకొనిపోవును. కొంతసేపటికి నురుగు గట్టిపడి, బెండువలె తేలికయై, గడ్డిరంగు దాల్చి, శీతకాలపు మంచునంతటిని తట్టుకొని నిలుచును. వసంతము ముదిరినపుడు, ఒక్కొక్క గూటినుండి నూఱును, అంతకు మించియు పిల్లలు సన్నని దారములకు వ్రేలాడుచు వెలువడి, ఆహారము దొరకనిచో తోబుట్టువులనే తినుచు, నలుదెసలకు చెదరిపోవును.

కార్నెల్ విశ్వవిద్యాలయ కీటకశాస్త్రజ్ఞుడైన స్లింగర్లాండు 1900లో ఐరోపాజాతినిగూర్చి ప్రకటించిన పుస్తకమునకు పెట్టిన పేరులోనే అది అమెరికాకు క్రొత్తగ వచ్చిన ఉపకారి కీటకమని చాటెను. పిదప గుడ్లగూళ్లు వర్తకపు సరకై, టపాలో తోటలకు చేరజొచ్చినవి. ఈ ప్రశంస పాత్రతను మించినదని నా నిశ్చితాభిప్రాయము. పసితనమున గొల్లభామ పేనుబంకను తినుమాట సత్యమే. కాని ఎదిగినకొలది పెద్ద ఎరను కోరును, పూలగుత్తుల చెంత పొంచియుండి, తోటకు ప్రాణాధారములైన తేనెటీగలను, సీతాకోకచిలుకలను సైతము ముండ్ల కాళ్లనడుమ బిగించి భక్షించును. దానికి శత్రుమిత్ర వివేచన లేదు. ఏటికి ఒక్క తరమే గల ప్రాణి యగుటచేత, వారములలో తరములు పెంచుకొను పేనుబంకతో సరితూగనేరదు.

నిజముగ ఉపకరించినది వేఱొకటి. అమెరికా వ్యవసాయశాఖ కీటకశాస్త్ర విభాగమునకు చెందిన ఆల్బర్ట్ కోబెల్ 1888లో ఆస్ట్రేలియాకు పోయి, అచ్చటినుండి ఒకజాతి అక్షింతల పురుగులను కొలదిగ పంపగా, వానిని లాస్ ఏంజెలిసులో గుడారము కప్పిన నారింజచెట్టుపై వదలిరి. అవి ప్రబలి, ఆ ఆస్ట్రేలియానుండియే వచ్చి కాలిఫోర్నియా తోటలను ఎండగట్టుచుండిన తెల్లని పొలుసుపురుగును 1889 ముగియకమున్నే అదుపులోనికి తెచ్చినవి. ఆ పొలుసుపురుగే తరువాత మన నీలగిరులకు దాపురించినపుడు సైతము ఈ అక్షింతల పురుగునే రప్పించిరి. చూపునకు అల్పమైన ఆ ప్రాణి ఎర విషయమున నియమము గలది. దాని ఘనత అందున్నది.

ఇంతకును అమెరికాకు స్వంతమైన కరోలినా గొల్లభామ ముందునుండియు అచ్చట నున్నది. చైనాజాతి దానికంటె దేహమున పెద్దది, చిక్కినచో దానినే తినివేయును. అందుచేత నేడు తూర్పు రాష్ట్రములలో కొందరు ఉద్యానప్రియులు చలికాలమున కొమ్మలు పరీక్షించి, గుండ్రముగ ఉబ్బియున్న చైనాజాతి గూళ్లను కోసివైచి, పొడవుగ పలుచగ కొమ్మకంటియుండు స్వదేశపు గూళ్లను వదలిపెట్టుచున్నారు. తోటసామానుల అంగళ్లలో సాధారణముగ అమ్మబడునవి మాత్రము నేటికిని ఆ గుండ్రని గూళ్లే.