హునరా, కిస్మతా? రమ్మీ మీద ఒక పాత ఫైసలా



2020 లాక్‌డౌన్ రోజుల్లో మాచర్ల నుంచి ఆపా ఫోన్ చేసి ఏడ్చింది. కొడుకు రమ్మీ యాప్‌లో లక్షా ఎనభై వేలు పోగొట్టాడట. అందులో సగం కర్జా. నేను వాడికి ఫోన్ చేసి, "జూవా హరామ్ అని తెలీదట్రా?" అన్నాను. వాడు తడుముకోలేదు. "ఇది జూవా కాదు మామూ, హునర్. సుప్రీంకోర్టే ఫైసలా ఇచ్చింది."

ఆ ఫైసలా ఏమిటో చూద్దామని వెతికితే, దాని జడ మన సికింద్రాబాదులోనే దొరికింది.

నిజాం రియాసత్‌లో మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1305 ఫస్లీలో, జూదం మీద ఒక ఖానూన్ వచ్చింది. ఇప్పటి లెక్కలో 1895–96. బ్రిటిష్ ఇలాకాల్లో ఇలాంటిది 1867 నుంచే ఉంది. రెండింటి గురీ ముఖ్యంగా జూదపు ఇంటి మీద, ఆడించి మునాఫా తీసుకునేవాడి మీద. కేవలం హునర్‌తో ఆడే ఆటలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. రియాసత్ పోయింది గానీ ఆ ఖానూన్ తెలంగాణ జిల్లాల్లో నిలిచింది.

1963 మే 4న సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ హుకూమత్ సుప్రీంకోర్టుకెక్కింది. 1967 నవంబరులో తీర్పు రాసింది జస్టిస్ హిదాయతుల్లా సాబ్. మరుసటేడే చీఫ్ జస్టిస్ అయిన ఆయనే.

ఆయన మాట సీదాగా ఉంది. మూడు ముక్కలాట పూర్తిగా కిస్మత్. రమ్మీ అలా కాదు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి. కాబట్టి అందులో హునరే ఎక్కువ. క్లబ్బు తీసుకున్నది కూడా కుర్చీలకూ పేకలకూ ఇచ్చే ఫీజే తప్ప జూదపు కమాయీ కాదు.

మా భాంజా ఇక్కడి దాకే విన్నాడు. రమ్మీ కంపెనీలు వినిపించిందీ ఇంతే. కానీ ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. పందెం పెట్టి ఆడే రమ్మీ నుంచి గానీ మరే ఆట నుంచి గానీ ఇంటి యజమాని లాభం తీసుకుంటున్నట్టు గవాహీ ఉంటే, నేరం రుజువు కావచ్చు. మరి ప్రతి ఆటలో కమిషన్ కోసుకునే యాప్ ఏమిటి? కుర్చీ అద్దె తీసుకుంటోందా? హిదాయతుల్లా సాబ్ తప్పేం లేదు, ఆయన చూసింది బల్ల చుట్టూ కూర్చున్న మనుషులను. రాత్రి రెండింటికి ఓడిపోగానే మరుక్షణం కొత్త బల్ల వేసిచ్చే ఫోన్‌ను కాదు.

2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసింది 2020 సెప్టెంబరులో. మధ్య మూడేళ్లు నాగార్జునసాగర్‌కు అటువైపు జుర్మ్, ఇటువైపు హునర్. మావాడి లక్షా ఎనభై వేలు ఇటువైపు పోయాయి. తమిళనాడు కూడా నిషేధించింది గానీ, 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అక్కడా హునర్ దలీలే ముందుకొచ్చింది.

సూరె బఖరాలో శరాబునూ మైసిర్‌నూ ప్రస్తావించిన చోట, వాటిలో మనుషులకు కొంత నఫా ఉందనే మాటను దాచలేదు. గునాహ్ ఆ నఫా కన్నా పెద్దదని తూచి చెప్పింది. మన హుకూమతులు తూకంలో ముందు నఫానే వేశాయేమో. 2023 అక్టోబరు నుంచి ఆటగాడు వేసే మొత్తం డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వసూలైంది. టాక్సు తీసుకుంటున్న చేత్తో ఆపడం ఎవరికైనా ముష్కిలే.

అయినా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆపింది. హునరా, కిస్మతా అనే సవాలునే పక్కన పెట్టి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ మనా అంది. ఆడించేవాడికి మూడేళ్ల వరకూ ఖైదు, కోటి రూపాయల వరకూ జరిమానా. బ్యాంకులు ఆ డబ్బు పంపకూడదు. ఆడినవాడికి శిక్ష లేదు. కంపెనీలు మళ్లీ అదాలత్ మెట్లెక్కాయి.

పోయిన రంజాన్‌కు భాంజా ఇంటికొచ్చినప్పుడు ఫైసలాలోని ఆ రెండో మాట చూపించాను. రెండుసార్లు చదివాడు. "ఇది యాడ్‌లో చెప్పలేదు మామూ" అన్నాడు.