గుర్రపు రికాబు నుంచి గరివిడి స్టేజీ దాకా

ఎత్తు జోడు తొడిగి నాట్యమాడే ఆడమనిషి ఒళ్ళు ఎలా నిలుపుకోవాలో వివరంగా చెప్పిన పాత పుస్తకాల్లో ఒకటి ఇటలీలో 1600లో అచ్చయింది. రాసినవాడు మగవాడే. ఫాబ్రిత్సియో కరోసో అనే నాట్యాచార్యుడు. ఆ కాలంలో వెనిస్ గొప్పింటి ఆడవాళ్ళు చొపీన్లనే దిమ్మ జోళ్ళు వేసుకునేవారు. వాటిలో ఎత్తు మడమ కింద ఒక్కచోటే కాదు, అరికాలు పొడవునా ఉండేది. కొన్నయితే మూరెడు ఎత్తు. వాటితో వీధిలో నడవాలంటే పక్కన పనిమనుషుల భుజం ఆసరా కావాలి. కరోసో ఆ జోళ్ళు మానేయమనలేదు. అడుగు వేసేటప్పుడు ముందు కాలివేళ్ళ వైపు పైకెత్తమన్నాడు. అలా ఎత్తితే మోకాలు చాపుగా వస్తుంది, మోకాలు చాపుగా ఉంటే ఒళ్ళు నిటారుగా నిలుస్తుంది, జోడు కూడా కాలి నుంచి ఊడిపోదు. ఇది పట్టుబడితే ఎంత ఎత్తు జోడైనా మూడు వేళ్ళ మందమే ఉన్నట్టు కనబడుతుందని ఆయన భరోసా.

నాలుగు వందల ఏళ్ళ తరువాత హీల్స్ డాన్సు నేర్పే మాస్టర్లు ఫోను తెరల మీద చెబుతున్నది దీనికి ఎంతో దూరం కాదు.

అసలు మడమ కింద మాత్రమే ఎత్తు కట్టే జోడు వేరే దారిన వచ్చింది. పర్షియా రౌతులు రికాబులో పాదం జారకుండా, లేచి నిలబడి బాణం వేయడానికి మడమ జోళ్ళు తొడిగేవారు. 1599లో పర్షియా రాజు షా అబ్బాస్ పంపిన రాయబార బృందం యూరప్ బయలుదేరింది. ఆ రాకపోకల కాలంలోనే అక్కడి దొరలకు పర్షియా సోకులంటే మోజు పెరిగి, మగవాళ్ళ జోళ్ళకు మడమ మొలిచింది. ఆడవాళ్ళకు తరువాత వచ్చింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల జోళ్ళతో కొలువు తీర్చేవాడు. రిగో గీసిన 1701 నాటి చిత్రపటంలో ఆ మడమలు ఇప్పటికీ కనబడతాయి. ఆ రాజే 1661లో నాట్యానికి ఒక అకాడమీ పెట్టాడు. ఆయన కొలువులోని పియేర్ బోషాం బాలేలో పాదాలు నిలిపే అయిదు పద్ధతులను స్థిరపరిచాడు. అంటే బాలే వాళ్ళ నిటారు వెన్ను, బయటకు తిప్పిన పాదం, మెడ నిలుపు ఇవన్నీ మగవాళ్ళు మడమ జోళ్ళ మీద సాధన చేసినవే. హైహీల్స్‌లో మగవాడు ఆడితే ముక్కున వేలేసుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. 2014లో బ్రిటన్ టీవీ పోటీలో యానిస్ మార్షల్ అనే ఫ్రెంచి నాట్యకారుడు మరో ఇద్దరు మగవాళ్ళతో కలిసి ఆ జోళ్ళలోనే ఆడి ఫైనల్ చేరాడు. ఆయన చేసింది కొత్త పనేమీ కాదు.

మడమ మీద మొదటి తిరుగుబాటు కూడా నాట్యం నుంచే వచ్చింది. 1730ల ప్రాంతంలో పారిస్ రంగస్థలం మీద మారీ కమార్గో అనే నర్తకి గాలిలో పాదాలు చకచకా మార్చే గెంతులు వేయాలనుకుంది. మడమ జోడుతో అది కుదరదు. మడమ తీసేయించింది, పాదాలు కనబడేలా పావడా కురచ చేయించింది. ఎగిరే నాట్యానికి చదును జోడు, నేలను అంటిపెట్టుకుని ఆడే నాట్యానికి మడమ జోడు అనే విభజన అప్పుడు మొదలయింది. స్పెయిన్ ఫ్లామెంకోలో మడమే వాద్యం. టాంగోలో, లాటిన్ నాట్యాల్లో మడమ ఒంటి బరువును ముందుకు పంపి తుంటి కదలికకు చోటిస్తుంది.

మరి మన సంగతి? మనవాళ్ళు జోడు వేసుకుని ఆడలేదు గానీ మడమ ఎత్తడం వాళ్ళకు కొత్త కాదు. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన అయిదు పాదభేదాల్లో అగ్రతలసంచరం ఒకటి. మడమ పైకి లేస్తుంది, బొటనవేలు ముందుకు సాగుతుంది. తేడా ఒక్కటే. భరతుడి నర్తకి పిక్క బలంతో మడమ ఎత్తుతుంది, పని కాగానే దించుతుంది. జోడు తొడిగినామెకు పాట అయ్యేదాకా దించే వీలు లేదు.

ఆ శాస్త్రమే ఒంటి నిలుపుకు సౌష్ఠవం అని పేరు పెట్టి లక్షణం చెప్పింది: నడుమూ చెవులూ ఒకే వరుసలో, మోచేతులూ భుజాలూ తలా సమంగా, రొమ్ము ఎత్తుగా ఉండాలి. సౌష్ఠవం లేని ఒళ్ళు నాట్యంలో గానీ నృత్తంలో గానీ రాణించదని తేల్చేసింది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప పదమూడో శతాబ్దంలో నృత్తరత్నావళి రాసేనాటికి ఈ లెక్కలన్నీ తెలుగునాట బాగా నలిగినవే. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు మోపి, నెత్తిన నీళ్ళ చెంబు పెట్టుకుని ఆడే అమ్మాయిని చూడండి. నిలబడే చోటు తక్కువైనకొద్దీ వెన్ను ఎంత నిక్కచ్చిగా ఉండాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఆమె మోకాళ్ళు అరమండిలో వంగి ఉంటాయి, బరువు కిందికి దిగి ఉంటుంది. హీల్స్‌లో మోకాళ్ళు చాపాలి, బరువు పైనే ఉంటుంది. తరంగం నేర్చినామెకు సగం విద్య ముందే వచ్చినట్టు, మిగతా సగం మళ్ళీ మొదటి నుంచి నేర్వవలసిందే అని నా లెక్క.

మా ఉత్తరాంధ్ర ఆటలు మరీ నేలబారు. ఆ మాట మెచ్చుకోలుగానే అంటున్నాను. తప్పెటగుళ్ళ వాళ్ళు రొమ్మున రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో గెంతి, చివరికి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. అడుగున ఉన్నవాడి వెన్ను వంగితే పైవాడు నేల మీద ఉంటాడు. అరకు థింసాలో ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు పెనవేసుకుని ఒకే గొలుసుగా కదులుతారు కాబట్టి ఒకరు కూలబడే వీలే లేదు.

ఈ ఒట్టి కాళ్ళ నేలకు మడమ జోడును తెచ్చింది సినిమా. మద్రాసు స్టూడియోల్లో తొలి డాన్సు మాస్టర్లు కూచిపూడి నుంచి వెళ్ళిన వేదాంతం రాఘవయ్య, పసుమర్తి కృష్ణమూర్తి లాంటివాళ్ళు. తరువాత హీరాలాల్, సలీం వంటివారి కాలం వచ్చింది, దాంతోపాటు క్లబ్బు పాట వచ్చింది. అప్పటికి యూరప్‌లో సూది మడమ పుట్టి ఉంది. మడమను కొయ్యతో మరీ సన్నగా చెక్కితే విరిగిపోతుంది. 1950ల్లో లోపల ఉక్కు కడ్డీ పెట్టాక సూదిలా సన్నబడింది. ఉక్కుకు మాంగనీసు కావాలి. మా ఉత్తరాంధ్రలోని గరివిడి చుట్టుపక్కల ఎర్రమట్టి కింద ఉన్నది అదే. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలయింది 1890ల ఆరంభంలో ఇక్కడి కోడూరు గనుల్లో. సూది మడమ పుట్టిన ఆ 1950ల్లోనే గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ లేచింది. రెండింటికీ సంబంధం ఉందని నేననను, కాకపోతే తలుచుకుంటే సరదాగా ఉంటుంది.

జ్యోతిలక్ష్మి, జయమాలిని అక్కచెల్లెళ్ళ పాటలు తెర మీద ఆడినన్నాళ్ళూ సంబరాల్లో, తీర్థాల్లో రికార్డింగ్ డాన్సు స్టేజీల మీదా ఆడాయి. అసభ్యమని పోలీసులు ఆపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ తగవు ఇక్కడ తేలేది కాదు. నాకు పట్టింది వేరే. సినిమాలో పాట ముక్కలు ముక్కలుగా తీస్తారు. కొన్ని క్షణాల షాటు అయ్యాక కట్ అంటారు, నటి కూర్చుంటుంది, కావాలంటే జోడు విప్పుతుంది. స్టేజీ మీద అమ్మాయికి కట్ లేదు. పాట మొత్తం ఒకే దమ్ములో ఆడాలి, తరువాత ఇంకో పాట. కింద స్టూడియో నున్నటి ఫ్లోరు కాదు, ఎడాలున్న బల్లలు. తెర మీది సోకు స్టేజీకి దిగింది గానీ దాని వెనక ఉన్న సాధన దిగలేదు.

మడమ లేచినప్పుడు ఒంట్లో జరిగేది ఇది. బరువు పాదం ముందు భాగానికి, వేళ్ళ మొదళ్ళ మీదికి పోతుంది. ఒళ్ళు ముందుకు ఒరగబోతుంది, పడకుండా ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. అలవాటు లేనివాళ్ళు మోకాళ్ళు వంచి, పిరుదులు వెనక్కి నెట్టి, మెడ ముందుకు చాస్తారు. కొంచెం అలవాటైనవాళ్ళు మోకాళ్ళు బిగబట్టి, పక్కటెముకలు ఎగదన్ని, నడుము విల్లులా వంచుతారు. రెండోదే అందమని చాలామంది భ్రమ. హీల్స్ వేస్తే నడుము వంపు పెరిగి తీరుతుందని కూడా అంటారు గానీ, కొలిచి చూసినప్పుడు అందరిలో ఒకేలా తేలలేదు.

నిలకడ కింది నుంచి కట్టుకుంటూ రావాలి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు రెండూ నేలను సమంగా ఒత్తాలి. చీలమండ బయటికి వాలకూడదు, బెణుకులకు అదే దారి. మోకాలు చాపుగా ఉండాలి గానీ తాళం పడకూడదు. పొత్తికడుపు కాస్త లోపలికి, పక్కటెముకలు కిందికి. భుజాలు తుంటికి నేరుగా పైన. చూపు నేల మీద కాదు, ఎదుటివాళ్ళ కళ్ళ ఎత్తులో. అడుగు చిన్నది, నాట్యంలో చాలా అడుగులకు ముందు మునివేళ్ళ మొదలు ఆనాలి, మడమ తరువాత దిగాలి. జోడుకు చీలమండ పట్టీ ఉండాలి. మొదట రెండంగుళాల లావు మడమ చాలు.

జోడు విప్పాక పని ఇంకా ఉంది. రోజూ హీల్స్ వేసేవాళ్ళ పిక్క కండరపు పోగులు సగటున 13 శాతం దాకా పొట్టిబడ్డాయని, మడమ వెనక స్నాయువు గట్టిపడిందని 2010లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అందుకే మెట్టు అంచున మునిపాదం మోపి మడమ నెమ్మదిగా కిందికి దించే సాగదీత తప్పదు. ఒట్టి కాళ్ళతో మడమలెత్తి దించే సాధన జోడు కొనకముందే మొదలెట్టాలి. ఒంటికాలి మీద మడమ ఎత్తి వణకకుండా నిలవలేనివాళ్ళు హీల్స్ జోలికి అప్పుడే పోకపోవడం మేలు.

చివరగా సంబరాలకు స్టేజీ కట్టించే కమిటీ పెద్దలకు ఒక మాట. యాభై కిలోల మనిషి బరువంతా చదరపు సెంటీమీటరు మడమ మీద దిగితే బల్లల ఎడంలో అది ఇరుక్కోక మానదు. లైట్లకు, సౌండుకు పెట్టే డబ్బులో కొంత తీసి బల్లల మీద ప్లైవుడ్డు పరిపించండి, మేకుల తలలు దిగగొట్టించండి, పైన జారే పట్టాలు వేయించకండి. ఆడే పిల్లలను కార్యక్రమానికి ముందే పిలిచి, ఆ జోళ్ళతోనే స్టేజీ మీద ఒకసారి నడిచి చూసుకోనివ్వండి.