తెల్ల రంగు కింద నుంచి పసుపు మరక: పాత కర్ర సామాను ఎందుకు రంగు ఊరుతుంది, ఎలా ఆపాలి

రిసాలిలోని మా ఇంట్లో ఒక ఉయ్యాల తొట్టె ఉంది. శ్రీకాకుళం నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన మా తాతయ్య బీజా కర్రతో చేయించింది. మా అక్క పురిటికి వస్తోందని దానికి తెల్ల రంగు వేయించాం. నీళ్లు కలిపే ప్రైమర్ ఒక పూత, దాని మీద నీటి ఆధారిత ఎనామెల్ రెండు పూతలు. నాలుగో రోజుకి పట్టీల మీద టీ ఒలికినట్టు మచ్చలు తేలాయి. పెయింటర్ వచ్చి ఇంకో పూత వేశాడు. వారం తిరక్కుండా అదీ పసుపెక్కింది. రంగు నకిలీదన్నారు నాన్న. చెక్కలో చెమ్మ ఉందన్నాడు పెయింటర్. బ్రష్ సరిగ్గా కడగలేదన్నాడు షాపతను. చెమ్మ గురించి పెయింటర్ చెప్పింది సగం నిజం. మిగిలిన సగం ఎవరికీ తట్టలేదు: ఆ రంగు కర్రదే.

ఈ గొడవ మా ఒక్క ఇంటిది కాదు. భిలాయ్ కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆనాటి మంచాలు, బల్లలు, అల్మారాలు ఇంకా కొన్ని ఇళ్లలో కనిపిస్తాయి. ఉద్యోగ విరమణ చేసి క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు వాటిని పాత సామాన్ల వాడికి ఇచ్చేయాలా, రంగు వేసి పిల్లలకు ఇవ్వాలా అన్న ప్రశ్న వస్తుంది. రెండో దారి పట్టినవాళ్లలో చాలామందికి ఈ పసుపు మరక ఎదురవుతుంది.

కర్రలో ఏముంది?

ఇక్కడి వడ్రంగులు బీజా అనేది మన వేగిస. సాజా అంటే నల్లమద్ది. సరయి అంటే సాల వృక్షం, అంటే గుగ్గిలం ఇచ్చే చెట్టు. సాగౌన్ మన టేకు. వీటన్నిటి చేవలోనూ చెట్టు తన రక్షణ కోసం దాచుకున్న పదార్థాలు ఉంటాయి: టానిన్లు, రంగు పదార్థాలు, నూనెలు, జిగురు. పురుగు పట్టకుండా చెక్కను కాపాడేవి చాలావరకు ఇవే. రంగును పాడుచేసేవీ ఇవే.

వేగిస సంగతి ఛత్తీస్‌గఢ్‌లో ఎవరికీ కొత్త కాదు. ఆ కర్రతో తొలిచిన గ్లాసులు సంతల్లో, హస్తకళల దుకాణాల్లో అమ్ముతారు. రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి గోధుమ రంగుకు తిరుగుతాయి, వెలుగులో పట్టి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. మధుమేహానికి మంచిదని చెప్పి అమ్ముతారు. ఆ మాట పక్కన పెట్టండి. మన తొట్టె మీద జరిగింది మాత్రం అచ్చం ఆ గ్లాసులో జరిగేదే. నీళ్లు కలిపిన ప్రైమర్ చెక్కను తడుపుతుంది. లోపలి టానిన్, రంగు పదార్థం ఆ నీళ్లలో కరుగుతాయి. పూత ఆరేటప్పుడు నీళ్లు పైకి వచ్చి ఆవిరైపోతాయి, మోసుకొచ్చిన రంగు మాత్రం ఉపరితలం మీదే మిగిలిపోతుంది. ఇంకో పూత వేస్తే చెక్కకు ఇంకోసారి నీళ్లు పట్టినట్టే. అందుకే నాలుగు పూతలు వేసినా నాలుగుసార్లూ మరక తేలుతుంది.

మేకుల చుట్టూ నల్లగా, నీలంగా కనిపించే మచ్చ వేరు. అది ఇనుము, టానిన్ కలిసి చేసిన సిరా. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందు కరక్కాయ రసం, పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుము ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ ద్రవంతో గీత గీస్తే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలవడమే ఆ నలుపు. బట్ట మీద కళ అయినది మన మంచం కోడు మీద మచ్చ అయింది, అంతే తేడా.

ఇంకో రకం మరక కర్రది కాదు, మనం పూసినదే. పాత బల్లలకు రోజ్‌వుడ్ రంగు, మహాగని రంగు అని స్పిరిట్‌లో కలిపి పట్టించిన పొడులు ఉంటాయి. ఎరుపో గులాబీ రంగో తేలితే అనుమానం దాని మీదే పెట్టుకోవాలి.

ఒకటి గమనించండి. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర వాడతారు. రెండూ లేత రంగు, మెత్తని కర్రలు. వాటిని ఎంచుకోవడానికి మొదటి కారణం చెక్కడం తేలిక కావడమే అయినా, పైన వేసే రంగుకు కర్ర అడ్డు రాకపోవడం కూడా కలిసొచ్చిన లాభం. వేగిస మీద తెల్ల రంగు కోరుకునే మనకు ఆ సుఖం లేదు.

ముందు పరీక్ష

రంగు డబ్బా కొనకముందే రెండు తెల్ల గుడ్డ ముక్కలు తీసుకోండి. ఒకటి నీళ్లలో, ఒకటి స్పిరిట్‌లో తడిపి, సామాను అడుగున పాలిష్ గీకేసిన చోట పది నిమిషాలు అదిమి ఉంచండి. నీళ్ల గుడ్డ పసుపో గోధుమ రంగో పడితే కర్ర ఊరుతోంది. స్పిరిట్ గుడ్డ మాత్రమే ఎర్రబడితే పాత పాలిష్ రంగు కారణం కావచ్చు. ఏ రంగూ అంటకపోయినా, అడుగున జానెడు మేర మీరు వాడబోయే ప్రైమర్, రంగు వేసి రెండు మూడు రోజులు చూడటం మంచిది. మేం ఆ పని చేసి ఉంటే నాలుగు పూతల కూలీ మిగిలేది.

అడ్డుగోడ: లక్క

నీళ్లలో కరిగేదాన్ని ఆపాలంటే నీళ్లలో కరగని పొర మధ్యలో ఉండాలి. అందుకు పాత కాలం నుంచీ బాగా పనిచేస్తున్నది లక్క. ఇక్కడ షాపుల్లో చపడా అని అడిగితే పలుచని రేకులుగా దొరుకుతుంది. ఫ్రెంచ్ పాలిష్ చేసేవాళ్లు స్పిరిట్‌లో కరిగించేది ఇదే. లక్క నీళ్లలోనూ టర్పెంటైన్‌లోనూ కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. దాని మీద నీళ్ల ప్రైమర్ వేస్తే ఆ తడి కర్ర దాకా చేరదు.

కుసుమ్, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురే లక్క. దేశంలో దీన్ని ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ముందుంటాయి. లక్క మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే ఒక సంస్థ పెట్టారు. న్యూయార్క్‌లో విలియం జిన్సర్ అనే ఆయన 1849లో లక్క వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ పేరుతోనే నేటికీ అమెరికాలో లక్కతో చేసిన తెల్ల ప్రైమర్‌ను మరకలు ఆపడానికి అమ్ముతున్నారు. విదేశీ వీడియోలు చూసి ఆ డబ్బా కోసం వెతికేవాళ్లున్నారు. దాని అసలు సరుకు మాత్రం మన పక్క అడవుల్లోనే పండుతోంది.

తయారీ కష్టం కాదు. లీటరు స్పిరిట్‌కు 200 నుంచి 250 గ్రాముల రేకులు వేసి, మధ్యమధ్య కదుపుతూ ఒక రోజు ఉంచాలి. గాజు సీసా గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ వాడండి. ఇనుప డబ్బా వద్దు, లక్క నల్లబడుతుంది. లక్కలో సహజంగా కొంత మైనం ఉంటుంది. అది పైన వేసే రంగు పట్టును తగ్గిస్తుంది కాబట్టి, కరిగాక ఇంకో రెండు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రవాన్ని మాత్రం వేరే సీసాలోకి వంచుకోవాలి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. తర్వాత రంగు పెచ్చులు లేస్తే లక్కను తిడతారు.

సామానును బాగా తుడిచి, ఎమరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము తీసి, పలుచగా ఒక పూత వేయండి. అరగంటకు ఆరుతుంది. 320 నంబర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది రెండో పూత. కణుపులకు, పట్టీల కొసలకు మూడోది కూడా వేస్తే మంచిది. అడ్డకోత కొసలు నీళ్లను ఎక్కువగా పీలుస్తాయి. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ కాస్త రుద్ది, లప్పం, ప్రైమర్, రంగు మామూలుగా వేసుకోవచ్చు. లక్క రంగు తేనెలా ఉందని కంగారు పడొద్దు. అది అక్కడే ఉంటుంది, పైకి రాదు.

పాత రోజ్‌వుడ్ రంగు ఉన్నచోట ఒక చిక్కు ఉంది. లక్కలోని స్పిరిటే ఆ రంగును కొంత కరిగించి మొదటి పూతలోకి లాగుతుంది. అక్కడ బ్రష్ ఒకే చోట అటూ ఇటూ తిప్పకుండా ఒక్క గీతలో లాగేయాలి. నల్ల ఇనుప మచ్చలకు మేకులు పీకి, ఆక్సాలిక్ ఆమ్లం వేడి నీళ్లలో కలిపి పూసి, తెల్లబడ్డాక రెండు మూడుసార్లు మంచి నీళ్లతో కడగాలి. అది విషం, చేతికి తొడుగు తప్పనిసరి. కడిగాక చెక్క పూర్తిగా ఆరిన తర్వాతే లక్క. గుగ్గిలం కారే కణుపును మాత్రం ఏ పూతా పూర్తిగా నమ్మకంగా ఆపలేదు, ఎండ తగిలితే మళ్లీ కారవచ్చు.

మాలాగా ఇప్పటికే రంగు వేసి మరక తెచ్చుకున్నవాళ్లు మొత్తం గీకేయనక్కర్లేదు. గట్టిగా అతుక్కున్న రంగు మీదే తేలిగ్గా రుద్ది, లక్క వేసి, మళ్లీ రంగు వేసుకోవచ్చు. తొట్టెకు చివరికి మేం చేసింది అదే.

పిల్లల సామాను, వానాకాలం

పాత రంగును గీకేటప్పుడు మరక కన్నా పెద్ద ప్రమాదం సీసం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంతైనా ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, గర్భిణిని, పిల్లలను ఆ దరిదాపుల్లో ఉంచకండి. తడిపితే కర్ర మళ్లీ ఊరుతుంది కదా అంటారా? నిజమే. రెండు మూడు రోజులు ఆరబెట్టండి, ఆ తర్వాత లక్క చూసుకుంటుంది. ఆరిన లక్క వల్ల బిడ్డకు భయం లేదు, మాత్రల మీద, మిఠాయిల మీద మెరుపు పూతగా వాడతారు. స్పిరిట్ అలా కాదు. మంట అంటుకుంటుంది, ఆవిరి మంచిది కాదు. వరండాలో, పొయ్యికీ పూజ దీపానికీ దూరంగా చేయాల్సిన పని.

జులై, ఆగస్టుల్లో మాత్రం మొదలుపెట్టకండి. గాలిలో తేమ ఎక్కువైతే లక్క మీద తెల్లటి మబ్బు తేలుతుంది. భిలాయ్ ఎండల్లో శుభ్రంగా కనిపించిన తెల్ల బీరువా, శ్రీకాకుళం తీరం గాలికి చేరాక పసుపెక్కడానికీ తేమే కారణం కావచ్చు. సామాను ఊరికి పంపే ఉద్దేశం ఉంటే రెండు పూతలతో సరిపెట్టకండి.

నిజానికి కర్ర బాగుంటే వేగిసకు రంగు వేయడమెందుకన్నది నా అభిప్రాయం. ఆ చెట్టే తగ్గిపోతోంది. ఐయూసీఎన్ జాబితాలో ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా నమోదైంది. కానీ పురుగు తొలిచి, లప్పంతో పూడ్చిన తొట్టెకు పాలిష్ అందం ఇవ్వదు. మా అక్కకు తెల్లగానే కావాలి.

మిగిలిన లక్క ద్రావణాన్ని దాచుకోవచ్చు గానీ, ఏళ్ల తరబడి కాదు. నెలలు గడిచేకొద్దీ అది సరిగ్గా ఆరే గుణం పోగొట్టుకుంటుంది. మళ్లీ వాడేముందు ఒక చుక్క గాజు మీద వేసి, మర్నాడు గోటితో నొక్కి చూడండి. జిగటగా ఉంటే పారబోసి కొత్తది కలుపుకోండి.