మన చెంతనున్న గోదావరి పట్టణము – ధర్మపురి

శతవార్షికోత్సవ సందర్భమున మన సంఘ చరిత్రను నెమరువేసుకొనుచున్న మనము, పొరుగు పట్టణ చరిత్రను కూడ తెలిసికొనుట ఉచితము. పెగడపల్లి వారమైన మనకు గోదావరి అనగానే గుర్తుకు వచ్చునది ధర్మపురి. 2009 ఎన్నికల నాటినుండి మన మండలము ధర్మపురి శాసనసభ నియోజకవర్గములోనే ఉన్నది. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడినప్పుడు మనమిరువురమును ఆ జిల్లాలోనే చేరితిమి.

నాసిక్ చెంత త్ర్యంబకేశ్వరమున పుట్టిన గోదావరి, సుమారు 1465 కిలోమీటర్లు తూర్పుగా సాగి బంగాళాఖాతములో కలియుచున్నది. అట్టి నది ధర్మపురి వద్ద కొంతదూరము దక్షిణముఖముగా ప్రవహించును. అందువలననే ఈ తీరమునకు అంత ప్రసిద్ధి కలిగినది. 2003, 2015 సంవత్సరములలో పుష్కరములకు వచ్చిన జనులతో రేవులు కిటకిటలాడినవి.

ఊరి నడుమ లక్ష్మీనరసింహస్వామి దేవాలయమున్నది. ఆ ప్రాంగణములోనే ఇతరచోట్ల అరుదుగా కానవచ్చు యమధర్మరాజు గుడి ఉన్నది. ధర్మపురికి వెళ్లినవారికి యమపురి ఉండదని మన పెద్దల సామెత. ఫాల్గుణ మాసపు ఉత్సవములలో బ్రహ్మ పుష్కరిణి అను కోనేటిలో తెప్పోత్సవము జరుగును. యాత్రికులు వచ్చినచోట అంగళ్లు వెలయుట సహజము. గాజులు, పసుపు కుంకుమలు, పిల్లల ఆటబొమ్మలు అమ్ముకొను చిన్న వర్తకులకు ఆ దినములే పంట కాలము.

అయితే ధర్మపురి పేరును తెలుగుదేశమంతట మోసికొనిపోయినది రాతి కట్టడము కాదు, ఒక శతకము. శేషప్ప కవి వ్రాసిన నరసింహ శతకపు ప్రతి పద్యము చివరను ఈ ఊరి పేరున్నది. యతిప్రాసల లక్షణము తానెరుగననియు, కావ్యములు చదువలేదనియు ఆ కవి వినయముతో చెప్పుకొనెను. అయినను ఆయన మాటలు వీధిబడులలో బాలుర నోట నిలిచినవి. పెద్ద చదువులు లేవని వెనుకాడు మనవంటివారికి ఇది ధైర్యము కలిగించు సంగతి కాదా?

ఇప్పుడొక చింత. 1963లో ఎగువన పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ జలాశయము ఎన్నో బీడు పొలములకు నీరిచ్చినది. ఆ మేలు మరువరాదు. కాని దానితో దిగువ నది నడక మనిషి చేతిలోనికి వచ్చినది. ఒకప్పుడు వానను బట్టి పారిన నది, నేడు గేట్లను బట్టి కూడ పారుచున్నది. నీరు తగ్గిన రేవులో మనము పారవేసిన చెత్త కొట్టుకొనిపోదు, అక్కడనే నిలుచును.

గుడి కట్టినవారు, పద్యము చెప్పినవారు తమ వంతు చేసి వెళ్లిరి. నది మాత్రము అందరిది. ఏ మతస్థులమైనను ఆ రేవును శుభ్రముగా ఉంచుట మన వంతు. మన ఇండ్లలోని వృద్ధులను కూర్చుండబెట్టి, వారు చూచిన గోదావరిని గూర్చి అడిగి వ్రాసికొందము. ఆ జ్ఞాపకములు వారితోనే పోయినచో మరల దొరకవు.